నాకు నడక రాని రెండేళ్ళు

పోయిన నెల మోకాళ్ళ నొప్పులకని నెల్లూరులో ఒక ఎముకల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. తోడుగా మా అక్క సంగం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. నాకు యాభై తొమ్మిదేళ్ళు, ఆమెకు అరవై ఆరు. అయినా ఆస్పత్రి మెట్లెక్కేటప్పుడు నా చేతిసంచీ ఆమే లాక్కుంది. తన మోకాళ్ళు నా మోకాళ్ళకన్నా గట్టివని చూపించుకోవడానికి తప్ప అందుకు వేరే కారణం లేదు. ఆ డాక్టరమ్మకు ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. కాళ్ళు వంచి చూసి, చాపి చూసి, ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి, కంప్యూటర్లో రాసుకుంటూ వరసగా ప్రశ్నలు వేసింది. షుగరుందా, బీపీ ఉందా, ఎన్నేళ్ళు నిలబడి పాఠాలు చెప్పారు, చిన్నప్పుడు కాళ్ళకేమైనా జబ్బు చేసిందా, నడక ఆలస్యంగా వచ్చిందా. ఈ చివరి ప్రశ్న దగ్గర నేను అక్క వైపు చూశాను, అక్క నా వైపు చూసింది. ముందు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నాకూ ఆగలేదు. ఇద్దరు పెద్దవాళ్ళం ఎక్స్‌రే ముందు కూర్చుని కళ్ళనీళ్ళు వచ్చేట్టు నవ్వుతుంటే ఆ పిల్ల పాపం ఏమీ తోచక మంచినీళ్ళ సీసా మా ముందు పెట్టింది.

ఆమెకు చెప్పడం కుదరలేదు, బయట ఇరవైమంది కూర్చుని ఉన్నారు. మీకైతే తీరిగ్గా చెప్పొచ్చు. నేను పుట్టిన ఊళ్ళో నాకు నాలుగున్నరేళ్ళు వచ్చేదాకా నన్ను కాళ్ళలో సత్తువ లేని పిల్ల అనుకున్నారు. అందులో మొదటి భాగం నిజం. మిగతా రెండేళ్ళు మా అక్క చేసిన పని.

మాది ముత్తుకూరుకు మూడు మైళ్ళలో ఉన్న ఊరు. ఇప్పుడు ఆ దారిన పోతే పొగగొట్టాలు, బొగ్గు లారీలు, వాటి దుమ్ము కనిపిస్తాయి. నా చిన్నప్పుడు ఒక పక్క వరి కయ్యలు, ఇంకో పక్క సరుగుడు తోపులు, వాటి అవతల సముద్రం. గాలి తిరిగినప్పుడు అన్నంలోకి కూడా ఉప్పు వాసన వచ్చేది. నాయన రెండెకరాలు కౌలుకు చేసేవాడు. అమ్మ నాట్లకీ కలుపుకీ కూలికి పోయేది. ఇంట్లో మా జేజి, అంటే నాయన వాళ్ళమ్మ, తిన్నె మీద కూర్చుని ఊరిని పాలించేది. ఆమెకు చూపు బాగా మందగించింది గానీ ఆ సంగతి ఆమె ఒప్పుకునేది కాదు. ఎవరైనా ఎదురుగా వస్తే ముందు గొంతు విని, తర్వాత చూసినట్టు నటించేది.

నేను పుట్టేటప్పటికి అక్కకు ఏడేళ్ళు, ఒకటో తరగతి. నాకు అయిదో నెల రాగానే అమ్మ నాట్లకు పోవాల్సి వచ్చింది. మా వీధిలో అప్పటి పద్ధతి ఏమిటంటే, ఇంట్లో పసిబిడ్డ పుడితే ఆ పైనున్న ఆడపిల్ల బడి మానేసేది. చదువు మానిపించారు అనే మాట కూడా ఎవరూ అనేవాళ్ళు కాదు. పిల్లను ఎత్తుకోవాలి కదా, అనేవాళ్ళు. అందులో ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి ఏమీ ఉండేది కాదు, అది ఎండాకాలం తర్వాత వానాకాలం వచ్చినట్టు వచ్చేది. అక్క కూడా నన్ను ఎత్తుకుంది. కాకపోతే ఎత్తుకుని తిన్నగా బడికి పోయింది.

మా బడి తాటాకు పాక. అయిదు తరగతులకీ ఒకే అయ్యోరు. ఆయన మా వైపు మనిషి కాదు, ఎగువ నుంచి వచ్చాడు. భార్య పోయిందని, పిల్లలు లేరని చెప్పుకునేవాళ్ళు. చంకలో బిడ్డతో గుమ్మం దగ్గర నిలబడిన అక్కను చూసి ఆయన ఏమీ అడగలేదట. మర్నాడు అమ్మ పాత చీర ఒకటి తెమ్మని, పాక వాసానికి తాడు వేసి ఉయ్యాల కట్టించాడు. అది చూసి రెండు నెలల్లో ఇంకో ముగ్గురు ఆడపిల్లలు చంకల్లో తమ్ముళ్ళనూ చెల్లెళ్ళనూ వేసుకుని తిరిగి బడికి వచ్చారు. అలా మా బడిలో నాలుగు ఉయ్యాలలు వేలాడేవి. ఎక్కాలు చెప్పించేటప్పుడు ఉయ్యాల ఊపుకు సరిపోయేట్టు చెప్పించేవాడట. ఇప్పటికీ అక్క కూరగాయలవాడి దగ్గర మనసులో లెక్క వేసుకునేటప్పుడు నడుం పైనంతా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. చూసేవాళ్ళకు ఆమె బేరం నచ్చక ఊగుతోందనిపిస్తుంది.

నాయనకు ఈ ఏర్పాటు నచ్చిందా లేదా అంటే, పిల్ల ఏడుపు ఇంట్లో వినపడనంతవరకు ఆయనకు ఏదైనా నచ్చేది. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. చిన్నది నడిచేదాకా బడికి పో, అది నడిచినాక అమ్మతో నాట్లకు పోదువు, అన్నాడు. తొమ్మిదో ఏడు వస్తే ఆడపిల్ల నారు పీకడానికి పనికొస్తుంది, పదకొండుకు పూర్తి కూలి మనిషితో సమానంగా వంగుతుంది. ఆయన లెక్క ఆయనకుంది. అక్క చదువు ఎంతవరకు సాగుతుందనేది ఆ రోజు నుంచి నా కాళ్ళ మీద ఆధారపడింది.

నా కాళ్ళు మొదట్లో ఆమెకు బాగానే సాయం చేశాయి. ఏడాది నిండినా నిలబడలేదు. రెండేళ్ళు నిండినా గోడ పట్టుకుని రెండడుగులు వేసి కూలబడేదాన్ని. జేజికి బెంగ పట్టుకుంది. అక్క మాత్రం మూడో తరగతి దాకా హాయిగా వచ్చింది. నాకు రెండేళ్ళు నిండి నాలుగు నెలలైన ఒక మధ్యాహ్నం, బడిలో అందరూ పలకల మీద వంగి ఉండగా, నేను ఉయ్యాల తాడు వదిలేసి, అయ్యోరి కుర్చీ దాకా నడిచి, ఆయన పంచె పట్టుకుని నిలబడ్డానట. పిలకాయలంతా చప్పట్లు కొట్టారు. అక్క సంతోషం పట్టలేక నన్ను ఎత్తుకుని ఇంటికి పరుగు తీసింది, అమ్మకు చెబుదామని. సగం దారిలో కాలవ మీద ఒక తూము ఉంది. అక్కడికి వచ్చేసరికి ఆమెకు నాయన మాట గుర్తొచ్చింది. తూము మీద కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో గానీ, నేను ఆమె భుజం మీదే నిద్రపోయానట. తర్వాత లేచి ఇంటికి వెళ్ళింది, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఈ మాట వచ్చినప్పుడల్లా ఆమె, “నేను అబద్ధం ఆడలా. నిజం చెప్పలా, అంతే” అంటుంది. ముప్పై అయిదేళ్ళకు పైగా పిల్లల సాకులు విన్న దాన్ని, ఇంతకంటే పకడ్బందీ సాకు వినలేదు.

ఇక ఆ మర్నాటి నుంచి మా ఇద్దరి కాపురం రెండు రకాలుగా సాగింది. బడి గుమ్మం లోపల నేను అందరు పిల్లల్లాగే నడిచేదాన్ని, దూకేదాన్ని, పడేదాన్ని. గుమ్మం దాటగానే అక్క నడుం ఒక పక్కకు వంచేది, నేను ఎక్కి కూర్చునేదాన్ని. నన్ను ఒప్పించడానికి ఆమె ఏమీ కష్టపడలేదు. ఎత్తుకుంటానంటే వద్దనే పిల్ల ఎక్కడైనా ఉంటుందా? ఇంటికి వస్తే నన్ను జేజి ఒళ్ళో కూర్చోబెట్టేది. జేజికి కనపడదు. నాయన చీకటితో పోయి చీకటితో వచ్చేవాడు. బడి పిలకాయలు ముప్పైమందీ ఈ రహస్యం దాచారు. ఇవాళ ముప్పైమంది టీచర్లు కూడా ఒక రహస్యాన్ని ముప్పై నిమిషాలు దాచలేరు. ఆ సంగతి నేను ఉద్యోగంలో చేరాక చూశాను.

అయితే జేజి చేతులు ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. వైద్యం మొదలుపెట్టింది. పొద్దున నువ్వులనూనె, సాయంత్రం ఆముదం, తొడల నుంచి మడమల దాకా రుద్ది రుద్ది నన్ను వేయించడానికి సిద్ధం చేసిన వంకాయలాగా చేసేది. ఆదివారం వస్తే మేక కాళ్ళు తెప్పించి, పసుపు, మిరియాలు వేసి పొద్దుటి నుంచి ఉడికించి చారు కాచేది. నాకు ఒక గిన్నె, మోసే మనిషికి బలం ఉండాలని అక్కకు ఒక గిన్నె. ఆ రెండేళ్ళూ మా ఇంట్లో నాయనకన్నా మేము బాగా తిన్నాం. ఇది చాలక, అమావాస్యలకు ఊరివాళ్ళు సముద్ర స్నానానికి పోయేటప్పుడు నన్నూ తీసుకుపోయి, తడి ఇసుకలో గుంట తవ్వి, అందులో నన్ను నడుము దాకా పూడ్చి నిలబెట్టేది. ఇసుక కాళ్ళకు పట్టు ఇస్తుందని ఆమె నమ్మకం. నాకు ఆ ఇసుక చల్లదనం, నా ఎదురుగా పక్కకు పరుగులు తీసే ఎర్ర పీతలు, అలల మీద నుంచి వచ్చే గాలికి నోట్లో చేరే ఉప్పు ఇంకా గుర్తున్నాయి. అటుగా పోయే ఆడవాళ్ళు అయ్యో బిడ్డా అని చేతిలో బెల్లంముక్కో మరమరాల ఉండో పెట్టి పోయేవాళ్ళు. నా జీవితంలో అంత గౌరవంగా నన్ను మళ్ళీ ఎవరూ చూడలేదు, హెడ్మాస్టరుగా రిటైరైన రోజు కూడా.

అక్క పని అంత సుఖంగా లేదు. మేక కాళ్ళ చారు ఊరికే పోదు కదా, నేను బరువెక్కాను. మూడేళ్ళ పిల్ల, తర్వాత నాలుగేళ్ళ పిల్ల. నా పాదాలు ఆమె మోకాళ్ళ కింద దాకా వేలాడేవి. పదేళ్ళ పిల్ల ఒక చంకలో నన్ను, రెండో చేతిలో పలకా పుస్తకాల సంచీ పట్టుకుని, ఇంటికీ బడికీ మధ్య ఎన్ని చోట్ల ఆగి చంక మార్చుకునేదో ఆమెకు ఇప్పటికీ లెక్క ఉంది. ఏడు చోట్ల. ఎండాకాలం అయితే తొమ్మిది. ఆ మోతకు ఆమె నడుం ఎడమ పక్కకు అలవాటు పడిపోయింది, ఇప్పటికీ నిలబడితే అటే ఒరుగుతుంది. చదువులో మాత్రం ఎటూ ఒరగలేదు. నాలుగో తరగతిలో మొదటిది, అయిదులో మొదటిది. అయ్యోరికి జ్వరం వచ్చిన రోజు చిన్న తరగతులకు పాఠం చెప్పేది ఆమే. అక్షరాలు నాకు దిద్దించింది కూడా ఆమే గానీ, ఆయన కాదు.

అయిదు అయిపోయింది. ఆరో తరగతి అంటే ముత్తుకూరు హైస్కూలుకు పోవాలి. మూడు మైళ్ళు. మా వీధి నుంచి ఏ ఆడపిల్లా ఆ దారి పట్టలేదు. నా కాళ్ళు నడవకపోయినా అంత దూరం నాయన పంపడని అక్కకు తెలుసు. అందుకని ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. ముత్తుకూరులో హైస్కూలుకు దగ్గర్లోనే సర్కారు ఆస్పత్రి ఉంది. అక్కడి డాక్టరు కాళ్ళకు రోజూ కట్టు కట్టి, కరెంటు పెట్టి బాగు చేస్తాడని ఎవరో చెప్పారని జేజి చెవిలో వేసింది. చెల్లెల్ని రోజూ పొద్దున్నే తీసుకుపోయి డాక్టరుకు చూపిస్తాను, ఎండ తగ్గేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి గదా, ఆ బడిలో కూర్చుంటాను, అంది. చదువుకుంటానని ఒక్క మాట కూడా అనలేదు. జేజికి కరెంటు అనే మాట బాగా నచ్చింది. వారం రోజులు నాయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి ఆయన, సరే, పిల్ల కాళ్ళకంటే ఎక్కువేముంది, బండి పోయే రోజు బండిలో, లేని రోజు నడిచి పొండి అన్నాడు. అక్క ఆ వారం అన్నం తిన్నదో లేదో ఆమెకే గుర్తులేదు.

ఏప్రిల్ చివర్లో, వేసవి సెలవులకు సొంతూరు పోబోతూ, అయ్యోరు టీసీ రాసి తీసుకుని మా ఇంటికి వచ్చాడు. నాయన వేలిముద్ర కావాలి. ఆ సాయంత్రం జరిగింది నాకు గుర్తుందని చెప్పను, ఎన్నిసార్లు విన్నానో గానీ అంతా చూసినట్టే ఉంటుంది. తిన్నె మీద జేజి, ఆమె పక్కన అయ్యోరు, ఆయనకు మజ్జిగ ఇచ్చి గుమ్మానికి ఆనుకుని అమ్మ. నాయన కింద గొంతుక్కూర్చుని బొటనవేలికి సిరా రాసుకుంటున్నాడు. అక్క వీధిలో నిలబడి ఉంది, చంకలో నేను.

వరికోతలు అయిపోయిన రోజులవి. కోసేసిన కయ్యల్లో రాలిన గింజలు మేపడానికి దక్షిణం నుంచి బాతుల మందలు తోలుకొచ్చేవాళ్ళు. మా వైపు వాళ్ళకు అది ఏటా చూసేదే గానీ, ఊళ్ళో నుంచి తోలుకుపోవడం అరుదు. ఆ రోజు కాలవ గట్టు తెగిందో ఏమో, మా వీధిలోంచి తోలారు. నాలుగైదు వందల బాతులు, వీధి ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నిండిపోయి, మెడలు చాచి, గోల చేసుకుంటూ, ఒకదాని వీపు మీద ఒకటి పడుతూ వస్తున్నాయి. అక్క నన్ను గట్టిగానే పట్టుకుందట. నేను ఆమె చంకలోంచి ఎలా జారానో, ఎప్పుడు దిగానో ఇద్దరికీ తెలీదు. దిగి పరిగెత్తాను. బాతుల మధ్యలో, రెండు చేతులూ చాచి, వీధి చివర దాకా పరిగెత్తి, ఒక బాతు తోక పట్టుకుని, దానితో కలిసి మలుపు కూడా తిరిగి, మళ్ళీ పరిగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను.

నాయన సిరా వేలు అలాగే ఎత్తిపట్టుకుని లేచాడు. తర్వాత జేజికి ఎవరో చెప్పారు, మీ మనవరాలు పరిగెత్తుతోందని. ఆమె తిన్నె మీద నుంచి లేచి రెండు చేతులూ ఎత్తి సముద్రం వైపు దండం పెట్టింది. తన నూనె, తన చారు, తన ఇసుక పనిచేశాయని వీధి వీధంతా పిలిచి చెప్పింది. ఇంట్లో ఉన్న బెల్లం అంతా పంచింది. ఆడవాళ్ళు వచ్చి నా కాళ్ళు పట్టి చూసి బుగ్గలు పుణికారు. నాయన నన్ను భుజం మీద ఎక్కించుకుని ఎగరేశాడు. ఆయన నన్ను ఎత్తుకోవడం అదే మొదటిసారి. ఆ సంతోషంలోనే, మనసులో ఏ చెడ్డా లేకుండానే, అయ్యోరితో అన్నాడు, “ఇంకెందుకు సామీ ముత్తుకూరు? దేవుడే నడిపించినాడు. పెద్దదాన్ని ఈ పంట కారు నుంచి నాట్లకు తీసుకపోతాం.” సిరా అంటిన వేలు గోడకు తుడుచుకున్నాడు.

అక్క వీధి మధ్యలో అలాగే నిలబడి ఉందట. చంక ఖాళీగా ఉంది, నడుం మాత్రం నన్ను మోస్తున్నట్టే ఒక పక్కకు వంగి ఉంది. అయ్యోరు మజ్జిగ తాగలేదు. అక్క తల మీద చెయ్యి పెట్టి, కాగితం ఆమెకే ఇచ్చి వెళ్ళిపోయాడు. ఊరంతా మా ఇంటి ముందు పండగ చేసుకుంటుంటే ఆ ఇద్దరికీ మాత్రమే ఏం పోయిందో తెలుసని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను.

జూన్‌లో బడి తెరిచినప్పుడు నేను నా కాళ్ళతో నడిచి బడికి పోయాను. అక్క అమ్మ వెనకాల కయ్యల్లోకి దిగింది. పదహారో ఏట సంగంలో ఇచ్చారు. బావ మంచివాడు, పొలం ఉన్నవాడు, మాట తక్కువ. నేను ఆ ముత్తుకూరు హైస్కూలుకే పోయి చదివాను. అప్పటికి ఆ దారిలో ఆడపిల్లలం ఆరుగురం అయ్యాం. ప్రతి వేసవికీ నేను చదివేసిన పుస్తకాలు సంచిలో వేసుకుని సంగం పోయేదాన్ని. అక్క ఒళ్ళో బిడ్డను వేసుకుని, పొయ్యి ముందు కూర్చుని, ఆరో తరగతి సాంఘికశాస్త్రం అట్ట నుంచి అట్ట దాకా చదివింది. సైన్సులో నన్ను ప్రశ్నలు అడిగేది. నాకు నూటికి డెబ్భై వచ్చాయని చెప్పుకోవడం తప్ప వాటికి జవాబులు తెలిసేవి కాదు. ఎనిమిదో తరగతి లెక్కల దగ్గర ఆమె ఆగిపోయింది. ఎక్స్ అంటే ఏంది, అది ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగింది. నాకు సరిగ్గా చెప్పడం రాలేదు. మంచి టీచరు కావాలని నాకు అప్పుడే బుద్ధి పుట్టింది.

ఈ కథలో నాకు ఇప్పటికీ మింగుడుపడని చోటు ఒకటుంది. అక్కకు ముప్పై దాటాక వాళ్ళ ఊళ్ళో అంగన్‌వాడీ పెట్టారు. పసిపిల్లల్ని కూర్చోబెట్టి, ఆడించి, అక్షరాలు నేర్పే పని. అందుకు మా అక్క కంటే తగిన మనిషి ఆ జిల్లాలో ఉందని నేను అనుకోను. బావే కాగితం రాయించి ఆమెను ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడి గుమాస్తా మంచిగానే మాట్లాడాడట. అయిదు సరిపోదమ్మా, ఇంకా పై తరగతి పాసై ఉండాల అన్నాడు. పక్క ఊరి నుంచి ఒక చదివిన పిల్ల వచ్చింది. మొదటి వారం పిల్లల ఏడుపు వీధి చివర దాకా వినిపించింది. అక్క ఆ వారం అటు పోలేదు, వేరే దారిన చేనికి పోయింది. రెండో వారం పోయి, ఆ పిల్ల చేతిలోని బిడ్డను తీసుకుని, చీర తెమ్మని, దూలానికి ఉయ్యాల కట్టి చూపించి వచ్చింది. ఆ ఉద్యోగం ఆమెది కావాల్సింది. ఇది నేను ఎవరి ముందైనా అంటాను.

తన కూతుళ్ళ దగ్గర మాత్రం ఎవరి ఆటా సాగనివ్వలేదు. పెద్దది పెద్దమనిషి అయినప్పుడు, ఇంక హైస్కూలు ఎందుకని అక్క వాళ్ళత్త అడ్డం పడింది. అంత దూరం ఆడపిల్ల ఒంటరిగా ఎట్టా నడిచిపోద్ది అంది. అక్క ఏమీ వాదించలేదు. నడవనక్కర్లేదత్తా, నేను ఎత్తుకోని పోతా, నాకు అలవాటే అని నడుం వంచి వీధిలో నిలబడింది. పదమూడేళ్ళ పిల్ల, తోటివాళ్ళు చూస్తారని సిగ్గుతో పుస్తకాలు తీసుకుని బడి దాకా పరిగెత్తిందట. మర్నాడూ, ఆ మర్నాడూ అంతే. నెలయ్యేసరికి వాళ్ళత్తే ఆ పిల్లకు జడ వేసి పంపడం మొదలుపెట్టింది. ఆ పిల్ల ఇప్పుడు నర్సు, రెండోది బ్యాంకులో పనిచేస్తోంది.

నాకు ఈ నడక సంగతంతా అక్క చెప్పింది నాకు ఉద్యోగం వచ్చిన రోజున. ఆర్డరు చూపిద్దామని సంగం పోతే, కాళ్ళు లేని పిల్లకు ఉద్యోగం వచ్చిందే అని నవ్వుతూ మొదలుపెట్టి, తూము దగ్గర నుంచి బాతుల దాకా చెప్పింది. నేను నవ్వాను, తర్వాత ఏడ్చాను. అమ్మ సంగతి మాత్రం అప్పటికి మా ఇద్దరికీ తెలీదు. అది అమ్మ చివరి ఏడాది, మంచం మీద ఉన్నప్పుడు తెలిసింది. అక్క ఆ కథే మళ్ళీ నవ్విస్తూ చెబుతుంటే అమ్మ కళ్ళు మూసుకునే, “నాకు తెలుసు” అంది. ఇద్దరం మంచం దగ్గరికి జరిగాం. “పొద్దుగూకినాక దీని కాళ్ళు కడిగేది నేనే గదా. చంకన తిరిగే బిడ్డకు అరికాళ్ళలో అంత మట్టి ఎందుకుంటది?” అంది. రెండేళ్ళు, రోజూ, ఆ మట్టి కడిగేసి, నాయనకు ఒక్క మాట చెప్పకుండా ఊరుకుంది. చదువుకోనివ్వు అని మొగుడితో చెప్పే ధైర్యం ఆమెకు లేదు. చెప్పకుండా ఉండే ధైర్యం ఉండింది. నేను హెడ్మాస్టరుగా ఎందరో తల్లులతో మాట్లాడాను. ఆ మాట విన్నాక వాళ్ళ మౌనాన్ని నేను అంత తొందరగా తప్పు పట్టలేదు.

డాక్టరమ్మ దగ్గర నుంచి ఆ రోజు అక్కతోపాటే సంగం వెళ్ళాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక పంచలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాం. అన్నేళ్ళుగా నవ్వుకుంటూ చెప్పుకున్న కథే గానీ, ఒక ప్రశ్న నేను ఎప్పుడూ అడగలేదు. అడగడానికి భయం. ఆ రోజు ఎందుకో అడిగాను. నా మీద కోపం రాలేదా అక్కా, ఆ రోజు నేను పరిగెత్తినందుకు, అన్నాను.

అక్క చేతిలో కాయ పక్కన పెట్టింది. “ఎందుకు రాలా? వచ్చింది. మూడు దినాలు నీతో మాట్లాడలా. నీ మొహం చూస్తే ఏడుపొచ్చేది.”

“తర్వాత?”

“నాలుగో దినం నారుమళ్ళ కాడ్నుంచి వస్తాంటే నువ్వు ఎదురొచ్చినావు. చేతులు చాపి, ఎత్తుకోమన్నావు. నా ఒళ్ళంతా బురద. ఇంక మోయాల్సిన పనేముంది, నడిచే పిల్లవే గదా.”

“ఎత్తుకున్నావా?”

“ఎత్తుకోక?” అని, నేను అడగరానిది అడిగినట్టు చూసి, మళ్ళీ కాయలు అందుకుంది. ఇంకో కాయ ఈనె తీస్తూ తనకు తానే చెప్పుకుంటున్నట్టు, “రెండేండ్లు దొరికినాయి మే. నాలుగు, అయిదు. మన వీధిలో ఏ ఆడపిల్లకు దొరికినాయి?” అంది.

ఆమె పోగొట్టుకున్నదాన్ని నేను నా జీవితమంతా లెక్క వేస్తూ వచ్చాను. ఆమె మాత్రం దొరికినదాన్నే పట్టుకుని అరవై ఆరేళ్ళకు చేరింది. ఎవరి లెక్క సరైనదో చెప్పే చదువు నాకు లేదు. కాలం ఎవరి కోసమూ ఆగదని నేను ఎన్నో తరగతుల పిల్లలకు చెప్పాను గానీ, పదేళ్ళ మా అక్క దాన్ని రెండేళ్ళపాటు చంకన ఎత్తుకుని, నేల మీద కాలు పెట్టనివ్వలేదు.